చీటీ లేని మూట

కొండ మీద, తొమ్మిదో నంబరు గది
సోమవారం

ఒరేయ్ సూదీ,

క్షేమంగా చేరాను. నువ్వు భయపెట్టినట్టు దారిలో ఎక్కడా పడిపోలేదు. బస్సు లెక్కలేనన్ని మలుపులు తిరిగింది. అది ఆగాక కూడా నా తల ఓ గంటసేపు తిరుగుతూనే ఉంది. ఇక్కడ ఫోను పలకదు. ఇరవయ్యేడేళ్ళుగా ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని, నేను కత్తిరిస్తుంటే నువ్వు కుడుతూ, రోజుకి పది మాటలు కూడా మాట్లాడుకోని బావా బావమరుదులం. ఇప్పుడు ఉత్తరాలు రాసుకోవాల్సి వచ్చింది. డాక్టరు నెలరోజులు కత్తెర ముట్టుకోవద్దన్నాడు గానీ పెన్ను వద్దనలేదు. బొటనవేలి వాపు కొంచెం తగ్గింది.

చోటు బాగుంది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే బాగుంది. పొద్దున్నే కిటికీ తెరిస్తే ఎదురుగా మంచుకొండలు, కింద లోయ నిండా మబ్బు. ఎంత నిశ్శబ్దమంటే, పై అంతస్తులో ఎవరైనా బూట్లు విప్పితే నాకు వినిపిస్తుంది. "వెళ్ళి ఊరికే కూర్చోండి బావగారూ" అని పంపావుగా, ఊరికే కూర్చుంటున్నాను. అలవాటు లేనివాడికి అదీ పెద్ద పనే.

గదిలో రెండు మంచాలున్నాయి. ఇక్కడ అన్నీ అలాంటి గదులేనట. విడిది నడిపే ఆవిడ తాళం చేతికిస్తూ, "అమ్మగారు రాలేదా మాస్టారూ?" అంది. నేనేమన్నానో తెలుసా? "వెనకాల వస్తోంది" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. ఆవిడ వెంటనే రెండో మంచం మీద కూడా ఉతికిన దుప్పటి పరిపించింది. నవ్వుకో.

షాపు జాగ్రత్త. నెలకి సరిపడా మూటలు బల్ల కింది అరలో వరసగా పెట్టాను. ఎవరి గుడ్డ ఎవరిదో దేనికి దానికి చీటీ కట్టాను. చలేం లేదు, కంగారుపడకు.

నీ బావ


షాపు నుంచి
శుక్రవారం

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మంచుకొండల ఎదురుగా కూర్చుంటే చలి లేకపోవడం ఎలా కుదిరిందో నాకు అర్థం కాలేదు. మీ ప్రయాణం కోసమని నేను తెచ్చిన బూడిదరంగు ఉన్ని గుడ్డ ఏమైంది? బయల్దేరే రోజు అడిగితే "కోటు సంచిలో ఉందిలే" అన్నారు. మన షాపులో కుట్టేది నేనొక్కణ్ణే. నేను కుట్టకుండా మీ సంచిలోకి కోటు ఎలా వచ్చింది? ఆ హడావుడిలో నాకు తోచలేదు. బస్సు వెళ్ళిపోయాక తోచింది.

షాపు నడుస్తోంది. బ్యాంకు మేనేజరుగారి పొట్ట మీరు కొలత తీసుకున్నప్పటికీ ఇప్పటికీ పెరిగింది. మీరు నడుము దగ్గర లోపలికి గుడ్డ ఎక్కువ వదిలారు కాబట్టి గట్టెక్కాం. హెడ్మాస్టరుగారు మాత్రం చొక్కా వేసి చూసుకుని, "ఈ కాజాలు మీ అక్కయ్య కుట్టినవి కావు కదూ" అన్నారు. రెండేళ్ళుగా నేనే కుడుతున్నానని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

ఒక మూటకి చీటీ లేదు. పదిహేడోది. పాత పత్రికలో చుట్టి దారం కట్టారు. మీరు చీటీ మర్చిపోవడం నేనెరగను. ఎవరిదో రాయండి, మొదలుపెడతాను.

ఇంకొక మాట. రాయకూడదనుకున్నాను, కానీ రాస్తున్నాను. "వెనకాల వస్తోంది" అన్నారట. ఎక్కడి నుంచి వస్తుంది బావగారూ? అక్క ఇల్లు వదిలి వెళ్ళి రెండేళ్ళు దాటింది. ఎక్కడుంది, ఎలా ఉంది అని మీరు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. నాకు తెలుసని మీకు తెలుసు. ఆదివారం సాయంత్రాలు నేనెక్కడికి వెళ్తున్నానో కూడా మీకు తెలుసు. మా అక్క వెళ్ళిపోయిన ఇంట్లో నేనింకా ఎందుకు పనిచేస్తున్నానని నలుగురూ అడుగుతున్నారు. బుద్ధిగా మందులు వేసుకోండి.

మీ
బావమరిది


కొండ మీద
బుధవారం

ఒరేయ్ సూదీ,

నీకు పేరు ఊరికే పెట్టలేదు. ఉత్తరంలో కూడా గుచ్చుతున్నావు.

కోటు సంగతి వదిలెయ్. పదిహేడో మూట కుట్టెయ్యి. కుట్టడం అయ్యేసరికి ఎవరిదో నీకే తెలుస్తుంది.

ఇక్కడ నా అబద్ధం రోజురోజుకీ పెరుగుతోంది. భోజనాల గదిలో నా బల్ల మీద రెండు కంచాలు పెడుతున్నారు. రోజూ నేను ఒకదాంట్లో తిని, రెండోదాన్ని బోర్లించి వస్తాను. వంటాయన ప్రతి పూటా "అమ్మగారు ఇవాళా రాలేదా?" అంటాడు. మొదటిరోజు బయల్దేరిందన్నాను. తర్వాత దారిలో తమ్ముడి ఇంట్లో ఆగిందన్నాను. ఆ తమ్ముడు నువ్వే, కాబట్టి ఎవరైనా అడిగితే నీకు జ్వరమని చెప్పు. చీకటి పడే ముందు విడిది ఆవిడ వేడినీళ్ళ సంచులు పంచుతుంది, పక్కలో పెట్టుకోవడానికి. నా గదికి రెండు పంపుతుంది. వద్దనడానికి నోరు రాదు. రెండోది ఆ రెండో మంచం మీదే పెడతాను. పొద్దునకి చల్లారిపోయి ఉంటుంది.

ఇక్కడికి వచ్చేవాళ్ళంతా జంటలే. దేవదారు చెట్ల కింద ఒక బాట ఉంది, పొద్దునా సాయంత్రం అందరూ అక్కడే నడుస్తారు. నిన్న ఒకాయన నడుస్తూ నడుస్తూ, ఏదో చెబుతూనే, వాళ్ళావిడ శాలువా జారితే సర్దాడు. అలా ఒకరి భుజం మీద చెయ్యి వేస్తూ కూడా మాట్లాడొచ్చని నాకు ఈ వయసులో తెలిసింది. నేను ఎవరి భుజమైనా ముట్టుకుంటే టేపుతోనే. మీ అక్కతో కలిసి నడిచిందంటే షాపు నుంచి ఇంటికి, అదీ నేను నాలుగడుగులు ముందు.

ఈ కొండకి రావాలని మీ అక్క ఎన్నిసార్లు అడిగిందో నీకు గుర్తుందా? పెళ్ళిళ్ళ బట్టల పని అయిపోనీ అనేవాణ్ణి. పెళ్ళిళ్ళు ఎప్పటికి అయిపోతాయిరా? జనం చేసుకుంటూనే ఉంటారు. ఇప్పుడు నేనొక్కణ్ణే వచ్చి బెంచీ మీద కూర్చుని ఆవిడ చూడాలనుకున్న కొండల్ని చూస్తున్నాను. ఒంటరిగా ఉందిరా. నీకు కాబట్టి చెబుతున్నాను.

నీ బావ


షాపు నుంచి
మంగళవారం

బావగారికి,

కుట్టడం మొదలుపెట్టాను. కాగితం విప్పగానే బూడిదరంగు గుడ్డ కనబడింది. మీ కోసమని నేను మూడు దుకాణాలు తిరిగి ఏరి తెచ్చిన గుడ్డ. ముక్కలు బల్ల మీద పరిచి చూస్తే ఆడవాళ్ళ పొడుగు కోటు. సరే, ఎవరో డాక్టరమ్మ అడిగి ఉంటుంది, నా గుడ్డ ఆవిడకి అంటగట్టి ఉంటారు అనుకుని తిట్టుకున్నాను.

భుజాలు కలుపుతుంటే ఎడమ భుజం కుడిదానికంటే అర అంగుళం దిగి ఉంది. నా బావ కత్తెర తప్పిందా అని ఆశ్చర్యపోయాను. సరిచేద్దామని కుట్టు విప్పబోయాను. అప్పుడు తెలిసింది. అమ్మ పనికి వెళ్తే అక్క నన్ను ఎత్తుకుని తిప్పింది ఆ భుజం మీదే. మిషను ఆపేసి, షట్టరు సగం దించి కూర్చుని ఏడ్చాను. మీ దగ్గర దాచేదేముంది.

తర్వాత కోపం వచ్చింది. మీరు చలిలో వణుకుతూ కూర్చుని, ఇక్కడ నా చేత ఇది కుట్టిస్తారా? ఎక్కడుందని నన్నొక మాట అడగకుండా, నా చేతిలో మూట పెట్టి వెళ్ళిపోతారా? నేను కుట్టి, నేను పోల్చుకుని, నేను తీసుకెళ్ళి ఇచ్చి రావాలి. మీరు మాత్రం ఏమీ ఎరగనట్టే ఉండాలి.

అక్క వెళ్ళిన వారానికే నా చేత ఒట్టు వేయించుకుంది. "ఆయన అడిగితే అడ్రసు చెప్పు. అడక్కపోతే చెప్పకు" అంది. అంతే బావగారూ. రెండేళ్ళుగా మీ ఎదురుగా కూర్చుని మీ నోటివంకే చూస్తున్నాను. మీరు టీ అడిగారు, దారం అడిగారు, కరెంటు ఎప్పుడొస్తుందని అడిగారు. ఇది అడగలేదు.

కోటు పూర్తయింది. ఇస్త్రీ చేసి హ్యాంగరుకి తగిలించాను. అడగండి.

మీ
బావమరిది


కొండ మీద
ఆదివారం

ఒరేయ్,

నాలుగు రోజులుగా మంచం మీదే ఉన్నాను. దగ్గు, కొద్దిగా జ్వరం. విడిది ఆవిడ తన భర్త పాత కోటు తెచ్చి కప్పింది. వేసుకుంటే చేతులు మోచేతుల దాకానే వచ్చాయి. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన లేడట, పోయి ఆరేళ్ళయిందట. డాక్టరు వచ్చి చూసి భయమేం లేదన్నాడు. నెల అయిపోవస్తోంది గానీ ఇంకో రెండు వారాలు ఉంటానని చెప్పాను.

కోటు సంగతి చెబుతాను విను. ఆ గుడ్డ నేను నాకోసమే బల్ల మీద పరిచాను. సుద్ద తీసుకున్నాను. తీరా చూస్తే నా కొలతలు నాకు తెలియవు. ఊరందరి కొలతలూ తెలుసు, నావి తెలియవు. నన్ను కొలిచేది మీ అక్క. "కదలకుండా నిలబడండి" అంటూ తనే కొలిచి తనే కాగితం మీద వేసి ఇచ్చేది. ఆ కాగితం కోసం వెతికాను, దొరకలేదు. సుద్ద చేతిలో ఉంది, గుడ్డ ఎదురుగా ఉంది. గియ్యడం మొదలుపెట్టాను. కాసేపయ్యాక చూస్తే మీ అక్క భుజం గీసి ఉన్నాను. చెరిపేసి మళ్ళీ గియ్యొచ్చు. చెరపలేదు. కత్తిరించేశాను. చీటీ మీద ఏం రాయను? అందుకే కట్టలేదు.

ఆ రోజు ఏం జరిగిందో నువ్వు నన్ను ఎప్పుడూ అడగలేదు. చెబుతున్నాను. పెళ్ళికొడుకు సూటుకి నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని అంచులు మడుస్తున్నాను. మీ అక్క చేతిసంచితో గుమ్మంలో నిలబడి చెప్పింది. "ఇక్కడ ఉండీ ఒంటరిగానే ఉన్నాను. ఆ ఒంటరితనమేదో వేరేచోట ఉంటాను" అంది. నేను జవాబు చెబుదామని నోట్లో సూదులు తీశాను. ఎలా తీశాను? ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చుతూ తీశాను. చివరి సూది తీసేసరికి మెట్లు దిగిపోయింది. పరిగెత్తి ఉంటే వీధి చివర దొరికేది. నేను కూర్చుని అంచు మడవడం పూర్తిచేశాను. మర్నాడు పెళ్ళి కదా.

ఎక్కడుందని అడగను. అడిగే మొహం నాకు లేదు. కోటు మాత్రం ఇచ్చి రా. వేసుకుంటే ఎలా ఉందో రాయి.

నీ బావ


షాపు నుంచి
సోమవారం

బావగారికి,

నిన్న వెళ్ళాను. మీరు అడగకపోయినా ఇంక నేను దాచను, అక్క కూడా చెప్పమంది. తను ఒక ఆస్పత్రిలో దుప్పట్ల గది చూస్తుంది. ఉతికి వచ్చిన దుప్పట్లు లెక్కపెట్టడం, చిరిగినవి కుట్టడం, వార్డులకి పంపడం. ఆ వెనక వీధిలోనే మూడో అంతస్తులో ఒక గది తీసుకుని ఉంటోంది. ఒక మంచం, ఒక స్టవ్వు, కిటికీ పక్కన ఒక కుర్చీ. కుర్చీ ఒకటే కాబట్టి నేనెళ్ళినప్పుడు తను మంచం మీద కూర్చుంటుంది.

మూట విప్పి చేతికిచ్చాను. ఎవరు కత్తిరించారని అడగలేదు. అంచు తిరగేసి చూసిందంతే, తెలిసిపోయింది. వేసుకుంది. అద్దం ముందు నిలబడి ఎడమ భుజం ఒకసారి తడుముకుంది. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి. నడుము దగ్గర వదులైంది. అక్క చిక్కిపోయింది బావగారూ, మీ కొలత పాతది.

ఆ తర్వాత జేబుల్లో చేతులు పెట్టింది. కుడి జేబు, ఎడమ జేబు, లోపలి జేబు కూడా. నాకు అర్థం కాలేదు.

"ఏంటక్కా వెతుకుతున్నావు?" అన్నాను.

"ఏం లేదు."

"చెప్పు."

"కాగితం ముక్క ఏదైనా పెట్టాడేమోనని చూశాను రా. ఒక్క మాట. బాగున్నావా అని రాసినా చాలు." కుర్చీలో కూర్చుంది, కోటు విప్పకుండానే. "ఆయన చేతికి నేను గుర్తున్నాను. నోటికే గుర్తులేను. ముప్ఫై ఏళ్ళూ అంతేగా."

నేను తట్టుకోలేక, నా అంతట నేనే, కొండకి రమ్మన్నాను. మీకు జ్వరమని చెప్పాను. రెండో మంచం సంగతి, కంచం సంగతి అన్నీ చెప్పేశాను. కంచం మాట విని నవ్వింది, కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. దగ్గు తగ్గిందా అని అడిగింది. వేడిగా ఏమైనా తాగుతున్నాడా అని అడిగింది. కానీ రానంది. "వస్తే ఏం చేస్తాడు? పక్కన కూర్చుని కొండలు చూస్తాడు. నేనూ చూస్తాను. ఆ మౌనం కోసం అంత దూరం ఎందుకురా, ఇక్కడ నాకు కావలసినంత ఉంది" అంది.

నేను బయల్దేరుతుంటే నా చేతికి తన అడ్రసు రాసి ఇచ్చింది. ఈ ఉత్తరం వెనక అంటించాను. "అడగలేకపోతే పోనీ, రాయమను. నువ్వు మాత్రం ఇంక మా మధ్య మూటలు మొయ్యకు" అంది. నా మాటా అదే. నేను మీతో పాటే పనిచేస్తాను, షాపు వదిలి ఎక్కడికీ పోను. ఆ భయం పెట్టుకోకండి. కానీ అక్కకి చెప్పాల్సింది నాకు చెప్పకండి.

మీ
బావమరిది


కొండ మీద
శనివారం

ఒరేయ్ సూదీ,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. రోజూ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. తేదీ వేస్తాను. అక్కడితో ఆగిపోతాను. గుడ్డ ఇస్తే ఏం చెయ్యాలో తెలుసు, కాగితం ఇస్తే తెలియడం లేదు.

నిన్న రాత్రి భోజనాల గదిలో వంటాయన మామూలుగా రెండో కంచం పెట్టబోయాడు. "వద్దయ్యా. ఆవిడ రాదు. నేను మొదటిరోజు అబద్ధం చెప్పాను" అన్నాను. గదిలో అందరూ తిరిగి చూశారు. చెవులు మండిపోయాయి. విడిది ఆవిడ వచ్చి కంచం తనే తీసేసింది. ఎదురు కుర్చీలో కూర్చుంది.

"మరి ఇన్ని రోజులు ఎందుకుండిపోయారు మాస్టారూ?" అంది.

"మా ఊళ్ళో ఆవిడ ఎప్పుడొస్తుందని నన్నెవరూ అడగరమ్మా. అడగడం మానేసి చాలాకాలమైంది. ఇక్కడ రోజుకి మూడుసార్లు అడుగుతున్నారు. దానికోసం ఉండిపోయాను" అన్నాను.

ఆవిడ నేను తినేదాకా కూర్చుంది. ఇవాళ పొద్దున ఎవరూ ఏమీ అడగలేదు. సాయంత్రం ఒకే వేడినీళ్ళ సంచి వచ్చింది. నేను చెప్పింది నిజమే కాబట్టి అలాగే జరగాలి, అయినా ఆ ఖాళీ మంచం వైపు చూడలేకపోయాను. కూర్చుని రాశాను. ఈ ఉత్తరంతో పాటే అదీ పోస్టులో వేస్తున్నాను, నీకు కాదు, తనకే. నువ్వు అడిగినా చూపించొద్దని చెబుతాను.

వచ్చే గురువారం బయల్దేరుతున్నాను.

నీ బావ


కొండ మీద
శనివారం

ఇదిగో,

ఏమని మొదలుపెట్టాలో తెలియక ఇన్ని రోజులు పట్టింది. ఎప్పుడూ ఇదిగో అనే పిలిచాను. అది కూడా దారం కావాలన్నప్పుడే.

రమ్మని అడగడానికి రాయడం లేదు. నువ్వు రానన్నదీ, ఎందుకు రానన్నదీ మీ తమ్ముడు రాశాడు. నువ్వన్నది నిజం. ఆ రోజు గుమ్మంలో నిన్ను వెళ్ళొద్దని అనాల్సింది. అనాలనిపించింది. అనలేదు. వెళ్ళాక రెండేళ్ళు మీ తమ్ముడి ఎదురుగా కూర్చుని నీ గురించి అడగలేదు. అడిగితే నువ్వు సుఖంగా ఉన్నావని చెబుతాడేమోనని భయం. లేవని చెబుతాడేమోనని ఇంకా భయం. తప్పంతా నాదే.

నీ గురించి నాకు తెలిసినవన్నీ కాగితం మీద రాద్దామని కూర్చున్నాను. భుజం, చెయ్యి, మెడ, పొడవు. అన్నీ కొలతలే వచ్చాయి. అవి కూడా ఇప్పుడు తప్పని తెలిసింది. ఆ తర్వాత ఒక్క ముక్క రాలేదు. ముప్ఫై ఏళ్ళు నా పక్కన కూర్చుని కాజాలు కుడుతూ నువ్వేం ఆలోచించేదానివో నాకు తెలియదు. ఇక్కడికి రావాలని ఎందుకు అంతగా అనుకున్నావో తెలియదు. ఎవరో నీకు ఈ కొండల గురించి చెప్పారా, ఎక్కడైనా బొమ్మ చూశావా, తెలియదు. అంతమందికి అన్ని రంగుల బట్టలు చేసిచ్చాను. నీకు మాత్రం ఎప్పుడూ మిగిలిన గుడ్డే. ఈసారి కూడా నాకోసం కొన్న రంగే నీకు పంపాను.

నాకు ఒకేసారి అన్నీ అడగడం చేతకాదు. ఒక్కొక్కటి అడుగుతాను. నువ్వు జవాబు రాసినా, రాయకపోయినా, వారానికి ఒకటి అడుగుతాను.

నీకు ఏ రంగు ఇష్టం?

నేను